సెలవుల్లో అల్లిక, కేకు - లెక్కతో సహా



చదువు గురించి, ఉద్యోగాల గురించి ఈ సంచికలో రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నేను సెలవుల గురించి రాస్తాను. సెలవులకు ఇంటికి వెళ్లిన ప్రతి ఒక్కరూ, మగపిల్లలతో సహా, కాలానికి తగిన ఒక చేతిపని నేర్చుకోవాలి. నేర్చుకోవడంతో సరిపెట్టకుండా దానికైన ఖర్చు, పట్టిన సమయం నోటుబుక్కులో రాయాలి. ఇదీ నా అభిప్రాయం.

"తరతరాలుగా మనవాళ్లు చేతి కష్టం మీదే బతికారు. అందులోంచి బయటపడాలనే కదా అమ్మానాన్నలు మనల్ని హాస్టల్లో వేసింది! మళ్లీ చేతిపనేనా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ చెప్పిన మాట గుర్తు చేసుకోండి. కులం అంటే పనిని పంచడం మాత్రమే కాదు, పనిచేసేవాళ్లను విడగొట్టడం అన్నారాయన. అంటే తప్పు పనిలో లేదు. పుట్టుకను బట్టి పని అంటగట్టడంలో ఉంది. చేసిన పనికి వెల కట్టకపోవడంలో ఉంది.

ఈ రెండో మాటకు మన పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురమే సాక్ష్యం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి పేద స్త్రీలకు క్రోషియా సూదితో లేసు అల్లడం నేర్పారు. ఆ లేసులు విదేశాలకు వెళ్లాయి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వాళ్ల పరిస్థితిని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. గంటల తరబడి అల్లుతున్నా ఆ స్త్రీలను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదని, "ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పని" అనే పేరుతో అతి తక్కువ కూలి ఇచ్చారని అందులో చూపించారు. అల్లేది ఆడవాళ్లు, వ్యాపారం చేసేది మగవాళ్లు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని కూలిని నిర్ణయించదు. అది అడగాల్సింది అల్లిన మనిషే. అడగాలంటే లెక్క తెలియాలి.

ఇక ఏం చేయవచ్చో చెబుతాను. ఎండాకాలం పొయ్యి దగ్గర కూర్చోలేం. అప్పుడు నీడన నూలు దారంతో అల్లిక మొదలుపెట్టండి. మొదట గొలుసు, తర్వాత గ్లాసు కింద పెట్టే గుండ్రని బిళ్ల. ఇందులో మంచి లెక్క ఉంది. మొదటి వరుసలో 6 కుట్లు వేస్తే రెండో దానిలో 12, మూడో దానిలో 18, ఇలా వరుసకు 6 పెంచుతూ పోవాలి. పెంచడం మానేస్తే బిళ్ల గిన్నెలా ముడుచుకుంటుంది. మరీ ఎక్కువ పెంచితే అంచు కుచ్చుల్లా అలలు తిరుగుతుంది. వానాకాలం రాఖీలు అల్లవచ్చు. చలికాలానికి ఉన్ని టోపీ. బిళ్ల తలకు సరిపడా పెరిగాక కుట్లు పెంచడం ఆపితే చాలు, అదే టోపీ అవుతుంది.

క్రిస్మస్ సెలవుల్లో కేకు చేయండి. ఓవెన్ అక్కర్లేదు. మూత ఉన్న పాత మందపాటి గిన్నెలో వేలు మందాన ఉప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడి చేయాలి. నీళ్లు పోయకూడదు. కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార పొడి, అరకప్పు నూనె, రెండు గుడ్లు, చెంచాడు బేకింగ్ పౌడర్ కలపండి. పిండి గట్టిగా ఉంటే కాసిని పాలు పోయండి. నూనె రాసిన చిన్న గిన్నెలో సగం దాకే ఈ పిండి పోసి, స్టాండు మీద పెట్టి, మూత వేసి, సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచాలి. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. మధ్యలో పదేపదే మూత తీస్తే పొంగిన కేకు కుంగిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, లెక్క. ఒక టోపీకి ఉన్ని 60 రూపాయలు, అల్లడానికి 5 గంటలు పట్టిందనుకుందాం. ఎవరైనా 100 రూపాయలకు అడిగితే మీకు మిగిలేది 40. అంటే గంటకు 8 రూపాయలు! "ఖాళీగానే ఉన్నావుగా" అనేవాళ్లకు ఈ కాగితం చూపించండి. కేకుకైతే గ్యాసు ఖర్చు కూడా వేయండి. తమ్ముడి పుట్టినరోజుకు ఉచితంగా చేసివ్వండి, అది ప్రేమ. అమ్మేటప్పుడు మాత్రం మీ గంటలను ఉచితంగా ఇవ్వకండి.

తమ్ముళ్లూ, సూది పడితే మగతనం పోతుందని నవ్వేవాళ్లుంటారు. మన ఊళ్లలో దర్జీలు, పెళ్లి వంటలు చేసే వంటమేస్త్రీలు ఎక్కువమంది మగవాళ్లే. డబ్బు వచ్చేచోట అది మగపని, రానిచోట ఆడపని. ఈ కిటుకు మీకు అర్థమైతే ఇంట్లో అమ్మ చేసే పని కూడా కనిపిస్తుంది.

చివరగా ఒక విన్నపం. వచ్చే వార్షికోత్సవంలో వేదిక పక్కన ఒక బల్ల వేద్దాం. సెలవుల్లో చేసినవి దాని మీద పెడదాం. ప్రతిదానికీ ఒక చీటీ: సరుకు ఖర్చు ఇంత, పట్టిన గంటలు ఇన్ని, వెల ఇంత. పాత విద్యార్థులమందరం వచ్చి కొంటాం. బేరం ఆడితే చీటీ చూపించండి.