ఇంజనీర్ల సభలో ఏమి వినవలెను?

1968 నుండి ఏటేట సెప్టెంబరు 15వ తేదీన దేశమంతట ఇంజనీర్ల దినోత్సవము జరుగుచున్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పటమునకు పూలమాల వేయుదురు. పెద్దలు నలుగురు మాటలాడుదురు. శాలువలు కప్పుదురు. ఫలాహారముతో సభ ముగియును. ఆయన పూర్వులు మోక్షగుండము నుండి మైసూరు సీమకు వచ్చి స్థిరపడిన తెలుగువారని మనము గర్వముతో చెప్పుకొందుము. కాని 1903లో పూనా చెంత ఖడక్‌వాస్లా జలాశయమున ఆయన పెట్టించిన స్వయంచాలక గేట్లు ఏ విధముగా పనిచేసినవో వివరించు వక్త ఆ సభలలో అరుదు.

ఇది ఎగతాళికి వ్రాయుట లేదు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకొనిపోయినది. అప్పుడు జలాశయము నిండుగా ఉన్నది. ఒత్తిడి తగ్గించుటకు తక్కిన గేట్లు ఎత్తి, నీటిని నదిలోనికి వదలవలసి వచ్చినది. ఆ నీటినే నమ్ముకొని గంగావతి, సింధనూరు ప్రాంతపు క్యాంపులలో తరతరములుగా వరి పండించు మన కుటుంబములకు ఆ వారము ఎట్లు గడచినదో వేరుగా చెప్పనక్కరలేదు.

అప్పుడు ఆదుకొన్నవారు డెబ్బదియైదేండ్లు దాటిన విశ్రాంత గేట్ల నిపుణులు, తెలుగువారైన కన్నయ్యనాయుడుగారు. జలాశయమును ఖాళీ చేయకయే, పారుచున్న నీటిలో ఉక్కు పలకలను ఒకదానిపై నొకటి దింపి ఆ ఖాళీని మూయించిరి. పలకలు తోరణగల్లు, హోస్పేట ప్రాంతపు కార్ఖానాలలోనే తయారైనవి. 17వ తేదీ నాటికి పని ముగిసినది. సంతోషమే! అయితే ఆయన వంటివారు దొరకకున్న నాడు మన గతి యేమి? తరువాత మొత్తము 33 గేట్లను మార్చుటకు నిర్ణయించిరి. కొత్త గేట్లకైనను గొలుసు ఉండును, తుప్పు ఉండును, ఏటేట పరీక్షింపవలసిన పని ఉండును. ఆ పని చేయునది డిప్లొమా చదివిన జూనియరు ఇంజనీరు, ఫిట్టరు, వెల్డరు.

వీరికి చెప్పువారెవరు? 1920లో స్థాపితమైన ఇంజనీర్ల సంస్థకు పెద్ద నగరములలో కేంద్రములు కలవు. అచ్చట మంచి సాంకేతిక ప్రసంగములు జరుగుచున్నవి. వానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని ఇంగ్లీషులో సాగు ఆ ప్రసంగమునకు కార్ఖానాలోని ఫిట్టరు రాడు. వచ్చినను లేచి ప్రశ్న వేయడు. ప్రశ్న లేని ప్రసంగము వలన చేతిపనికి కలుగు లాభము స్వల్పము.

కావున మన సంఘ భవనములలో నెలకొక్క సాయంకాలము ఇట్టి ప్రసంగము తెలుగున ఏర్పాటు కావలెను. కన్నడ సోదరులు వచ్చినచో కన్నడమునను చెప్పవలెను, ఆనకట్ట ఇరువురిది. స్టాపులాగు, గేరుబాక్సు అను మాటలకు అచ్చతెలుగు వెదకుచు కాలము గడుపనక్కరలేదు. వక్త పటము గీసి చూపవలెను. వీలైన తెగిన గొలుసు ముక్కనే బల్లపై పెట్టవలెను. సగము కాలము ప్రశ్నలకు విడువవలెను. చెప్పినదంతయు ఒకరు వ్రాసి యుంచవలెను. విశ్రాంతి తీసికొనుచున్న మన పెద్ద ఇంజనీర్లు ఎందరో ఈ పనికి పిలుపు లేక యింట కూర్చున్నారు. శాలువ ఖర్చు మిగులును; దానితో దూరపు క్యాంపుల యువకులకు బస్సు ఛార్జీ ఈయవచ్చును.

హోస్పేట, బళ్లారి, గంగావతి కార్యవర్గములు తమ ఊళ్లలోని విశ్రాంత ఇంజనీర్ల పేర్లను, వారికి అనుభవమున్న పనులను సెప్టెంబరు 15వ తేదీలోగా కార్యదర్శికి వ్రాసి పంపగోరుచున్నాము. మొదటి ప్రసంగము గేటు గొలుసులను గురించియే జరుగుట యుక్తము.