ట్యాబ్ కంప్యూటరు స్థానాన్ని ఆక్రమించగలదా?

మన కళాశాల కంప్యూటరు గదిలోని యంత్రాలు పాతబడినవి. వాటికి బదులు కొత్తవి కొనడం కంటె, అదే సొమ్ముతో ట్యాబులు కొని విద్యార్థుల చేతికే ఇస్తే బాగుండునన్న మాట ఈ సంవత్సరం అధ్యాపకుల గదిలోనూ, కార్యవర్గ సభ్యుల మధ్యనూ తరచుగా వినవచ్చినది. దీని వెనుకనున్న సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. అయితే కంప్యూటరు నిత్యం చేసిపెట్టే పనులన్నీ ట్యాబ్ చేయగలదా అన్నది తేలకుండా ఆ గదికి తాళం వేయడం తొందరపాటని నా అభిప్రాయం.

తెలుగు పిల్లలకు పలక, ఉర్దూ పిల్లలకు తఖ్తీ. ఒకప్పుడు అక్షరాలు దిద్దినది వీటిపైనే. మట్టి పూసి ఆరబెట్టిన కొయ్య తఖ్తీ మీద మా తాతగారు రెల్లు కలంతో అలిఫ్ బే దిద్దినారట. ట్యాబును చూసినప్పుడల్లా నాకు అవే గుర్తుకు వస్తాయి. కాని ఒక తేడా ఉన్నది. పలక పుట్టినది రాయడానికి. నేటి ట్యాబ్ ప్రధానంగా పనికి వస్తున్నది చూడడానికి. ఇటువంటి సాధనాన్ని తొలుత ఊహించినవారిలో ఒకరైన అమెరికా శాస్త్రజ్ఞుడు అలన్ కే 1972లో 'డైనాబుక్' అనే పేరుతో పిల్లల కోసం పుస్తకమంత కంప్యూటరును ప్రతిపాదించినాడు. ఆయన ఊహలో దానికి కీబోర్డు కూడా ఉన్నది! పిల్లలు దానిపై చదవడమే కాక, ప్రోగ్రాములు సైతం స్వయంగా రాయాలన్నది ఆయన ఆశయం. తరువాత 2010లో స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను ప్రవేశపెట్టినప్పుడు దానిని ఫోనుకూ ల్యాప్‌టాపుకూ నడిమి వస్తువుగానే పరిచయం చేసినాడు.

ఆ తరువాత ట్యాబులు చాలా ఎదిగినవి. 2020లో ఐప్యాడ్‌కు మౌస్ సౌకర్యం పూర్తిగా సమకూరినది. 2021 ఐప్యాడ్ ప్రోలో అమర్చిన ఎం1 చిప్పు ఆపిల్ కంప్యూటర్లలో ఉన్నదే. కనుక ట్యాబుకు శక్తి చాలదనే పాత వాదం, కనీసం ఖరీదైన వాటి విషయంలో, నేడు చెల్లదు. చూడవలసినది మన పనులు ఎటువంటివన్నది.

నిరుడు వేసవిలో ఒక నెల పాటు కంప్యూటరు ముట్టకుండా నా పనులన్నీ ట్యాబ్‌పైనే జరుపుకొని చూసినాను. చదువు విషయంలో దానికి సాటి లేదు. గ్రంథాలయాల్లో చెదలు పట్టిపోతున్న పాత పుస్తకాల ప్రతులను మంచం మీద పడుకొని చదివినాను. కరెంటు పోయినా పని ఆగలేదు. అచ్చు దిద్దడానికి, పేజీ మీదనే కలంతో గుర్తులు పెట్టడానికి అంతకంటె అనువైన సాధనం నేనెరుగను. ఉత్తరాలకు, హాజరు వేయడానికి కూడ ఇబ్బంది లేదు. అరవైమంది మార్కుల పట్టికకు వచ్చేసరికి మాత్రం వేలు ఒక గడికి బదులు పక్క గడిని తాకుతున్నది. ఒక కిటికీలో జవాబుల జాబితా, మరొక దానిలో పట్టిక పెట్టుకుంటే రెండూ ఇరుకై కన్నులు నొచ్చినవి. గంట పని మూడు గంటలకు గాని ముగియలేదు.

ఇక మీ చేతిలోని ఈ సంచిక సంగతి. దీని ఉర్దూ పుటలు ఇన్‌పేజ్‌లో కూర్చినవి. 1981లో పాకిస్తాన్‌లో అహ్మద్ మీర్జా జమీల్ వేలకొద్దీ అక్షర సంయోగాలను తన చేతితో రాసి ఇచ్చినందువల్ల రూపొందిన నూరీ నస్తలీఖ్ లిపిని నేడు ఉర్దూ ముద్రణలోకి ఇంటింటికీ తెచ్చినది 1994లో వచ్చిన ఆ ప్రోగ్రామే. తెలుగు పుటలు అను లిపులతో పేజ్‌మేకర్‌లో కూర్చినవి. రెండూ విండోస్ కంప్యూటర్లకై తయారైనవి. ట్యాబ్‌పై ఈ సంచికను చదవవచ్చును, దిద్దవచ్చును, కూర్చడం సాధ్యపడదు. ఈ పని నేర్చిన మన పూర్వ విద్యార్థులు కొందరు ముద్రణాలయాల్లో జీవనోపాధి పొందుతున్నారు. బి.కాం. విద్యార్థులకు అవసరమైన టాలీ సంగతీ ఇంతే: ట్యాబ్ బ్రౌజరులో నివేదికలు చూడవచ్చును గాని పద్దులు రాయడం నేర్చుకొనవలసినది కంప్యూటరు ముందు కూర్చొనియే.

విద్యార్థి మిత్రులారా, మీలో ఒకరు గత సంవత్సరం నలభై పుటల ప్రాజెక్టు నివేదికను ఫోనులో బొటనవేలితో రాసి తెచ్చినారు. భాష చక్కనిది, విషయం మరింత చక్కనిది. పేజీ అంకెలు వేయమని కంప్యూటరు ముందు కూర్చోబెడితే ఆమె మౌసును రెండు చేతులతో పట్టుకొన్నది. నవ్విన వారిని నేను మందలించినాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటరు ఉన్న కుటుంబాలు నూటికి 11 కూడ లేవు. ఆ లెక్కలో ట్యాబును సైతం కంప్యూటరుగానే పరిగణించినారన్నది గమనింపదగినది! అటువంటి ఇంటి నుండి వచ్చిన విద్యార్థికి కీబోర్డు తగిలే చోటు కళాశాల ఒక్కటే. ఎంసెట్‌గా పేరుపొందిన ప్రవేశ పరీక్ష కంప్యూటరు మీదనే జరుగుతున్నది. ఐసెట్ కూడ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో గ్రూప్-2 ఉద్యోగార్థులు కంప్యూటరు ప్రావీణ్య పరీక్షలో వేరుగా నెగ్గవలసి ఉన్నది. అక్కడ మన పిల్లల ప్రతిభ మౌసు దగ్గర ఆగిపోతే దోషం వారిది కాదు.

ట్యాబుకు కీబోర్డు తగిలిస్తే సరిపోదా అని ఒక సభ్యులు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. మంచి ట్యాబ్, దానికి కీబోర్డు, కలం కలిపి లెక్కిస్తే ఒక సామాన్యమైన ల్యాప్‌టాప్ ధరను సమీపిస్తున్నది. అప్పటికీ ఇన్‌పేజ్ గాని టాలీ గాని దానిలోకి రావు. విండోస్‌తో నడిచే ట్యాబులు లేకపోలేదు, వాటి ధర మన నిధికి మించినది. చౌక ట్యాబుల అనుభవం దేశానికి కొత్త కాదు. 2011లో 'ఆకాశ్' ఎంత ఆర్భాటంగా వచ్చినదో, ఎంత త్వరగా మరుగున పడినదో పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినది. అవి పాఠాలు చూపడానికి ఉద్దేశించినవి. అధ్యాపకుడు లేని వేళ పాఠం వినడానికి అవి మంచివే. డిగ్రీ విద్యార్థి వినడంతో సరిపెట్టుకొనజాలడు.

కార్యవర్గంవారికి నా విన్నపం స్వల్పమైనది. ఎనిమిది ట్యాబులు కొని గ్రంథాలయంలో ఉంచండి. పుస్తకం వలె అరువు ఇవ్వండి. మిగిలిన సొమ్ముతో కంప్యూటరు గదిలో పదిహేను యంత్రాలనైనా మార్చండి. ప్రస్తుతం ఆ గది నాలుగు గంటలకే మూతపడుతున్నది, తరగతులు ముగిసేదీ నాలుగింటికే. దానిని ఆరు గంటల వరకు తెరచి ఉంచే పక్షంలో వారానికి మూడు రోజులు అక్కడ కూర్చొనడానికి నేను సిద్ధం. మా ఉర్దూ శాఖ సహాధ్యాపకులు మిగిలిన మూడు రోజులకు ఒప్పుకొన్నారు. ఆడపిల్లలకు ఆరున్నరకు బస్సు ఉన్నది, విచారించి వచ్చినాను.