జంతిక కొరికితే దవడ విరిగింది!

"సర్, ఒట్టు! నేనెవరితోనూ గొడవ పడలేదు. జంతిక కొరికానంతే. టక్‌మంది."

బీటెక్ కుర్రాడు. ఎడమ చెంప వాచింది, నోరు సగమే తెరుచుకుంటోంది. పక్కన వాళ్లమ్మ. "బైక్ మీంచి పడ్డాడో, ఎవడితో కొట్టుకున్నాడో డాక్టరు గారూ! రెండ్రోజుల్నుంచి ఇదే కథ చెప్తున్నాడు."

ఓపీజీ ఎక్స్‌రే తీయించాను. కింది దవడ మూలలో జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉంది. దాని చుట్టూ నిమ్మకాయంత నల్లటి ఖాళీ. దాని అడుగున సన్నటి పగులు.

"అమ్మా, మీవాడు చెప్పింది నిజమే."

ఆ ఖాళీయే సిస్ట్, అంటే నీటితిత్తి. బయటికి రాని పన్ను చుట్టూ ఉండే పొరలో నీరు చేరి మెల్లగా పెరుగుతుంది. చాలామందికి నొప్పే ఉండదు. చెదపట్టిన దూలంలా పైకి బాగానే కనిపిస్తూ లోపల ఎముక కరిగిపోతుంది. ఇక జంతిక చాలదూ!

ఆపరేషన్‌లో ముందు పై పళ్లనీ కింది పళ్లనీ తీగలతో కలిపి కట్టాం. పళ్ల వరస కుదిరితే విరిగిన ఎముక దాని చోటికొస్తుంది. తర్వాత ఆ పన్ను తీసి, తిత్తిని పొరతో సహా ఒలిచేశాం. మామూలు ఫ్రాక్చర్‌కి చిన్న ప్లేట్లు సరిపోతాయి. ఇక్కడ బరువు మోసే ఎముకే లేదు. అందుకే మందమైన టైటానియం ప్లేటు వేసి, అటూ ఇటూ గట్టి ఎముకలో స్క్రూలు బిగించాం. తర్వాత తీగలు విప్పేశాం.

నాకు భయమల్లా నరం గురించే. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం తిత్తిని అంటుకునే ఉంది. తెగితే పెదవి శాశ్వతంగా మొద్దుబారొచ్చు. తెగలేదు. కానీ మర్నాడు వాడికి పెదవి తెలియలేదు. "టీ కారిపోతోంది సర్" అన్నప్పుడు నాకూ గుండె జారింది.

బయాప్సీలో మామూలు సిస్టేనని తేలింది. కొన్ని రకాలు మళ్లీ మళ్లీ వస్తాయి, అందుకే ఆ పరీక్ష తప్పనిసరి. ఆరువారాలు జావ, మెత్తటి అన్నం. మూడోనెలలో పెదవి చిమచిమలాడింది. నరం మేలుకుంటోందన్నమాట.

మొన్న చెకప్‌కి వచ్చినప్పుడు వాళ్లమ్మ డబ్బా తెచ్చింది. జంతికలేమో అనుకున్నా. సున్నుండలు!

ఇరవై దాటినా మీ జ్ఞానదంతం బయటికి రాలేదా? భయపడకండి, అందరికీ సిస్ట్ రాదు. కానీ ఒకసారి డెంటిస్ట్‌కి చూపించుకోండి. ఒక్క ఎక్స్‌రేతో తేలిపోతుంది.