డాంటే నరకంలో కొత్త పాపులు



ఇటలీ దేశంలో ఫ్లోరెన్సు అనే నగరం ఉంది. 1265లో అక్కడ డాంటే అనే కవి పుట్టాడు. ఊరి రాజకీయాలలో ఆయన పక్షం ఓడిపోయింది. 1302లో ఎదుటి పక్షంవారు ఆయనను వెళ్ళగొట్టి, తిరిగివస్తే సజీవంగా కాల్చేస్తామని తీర్పు చెప్పారు. ఆయన మళ్ళీ సొంత ఊరు చూడనేలేదు. 1321లో రవెన్నా నగరంలో చనిపోయాడు.

అలా పరాయి ఊళ్ళలో తలదాచుకుంటూ ఆయన రాసిన మహాకావ్యమే "డివైన్ కామెడీ". పండితుల లాటిను భాషను పక్కనబెట్టి, తన ఊరి జనం మాట్లాడుకునే భాషలో రాశాడు. కథలో డాంటేయే చీకటి అడవిలో దారి తప్పుతాడు. వర్జిల్ అనే ప్రాచీన కవి ఆత్మ వచ్చి ఆయనను నరకానికి తీసుకుపోతుంది. అక్కడ మన వైతరణి వంటి నది, దాన్ని దాటించే ముసలి పడవవాడు, కిందికి దిగేకొద్దీ తొమ్మిది వలయాలు, అట్టడుగున మంచులో కూరుకుపోయిన సైతాను!

మరి ఆ నరకంలో ఉన్నదెవరు? పాతకథలలోని వాళ్ళతోపాటు, కవి కాలపు పెద్దమనుషులు కూడా. డబ్బుకు ఆశపడ్డాడని ఒక పోపునే తలకిందులుగా గోతిలో దింపి, అరికాళ్ళకు నిప్పంటించాడు! ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాడికి ఇంక జంకేమిటి?

ఇక 1973కు వద్దాం. రోము నగరంలో మెటామోర్ఫోసి అనే వాద్యబృందం ఉండేది. వాళ్ళది ప్రోగ్రెసివ్ రాక్ సంగీతం. రాక్ పాటకు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు పోకడలు చేర్చి, లయలు మారుస్తూ సాగదీసి పాడతారు. గ్రామఫోను రికార్డు రెండు పక్కలా ఒకే విషయం నడిస్తే దాన్ని కాన్సెప్ట్ ఆల్బమ్ అంటారు. వీళ్ళ ఆల్బమ్ పేరు "ఇన్ఫెర్నో", అంటే నరకం. ఎన్రికో ఒలివియేరి పియానో, ఆర్గన్ వాయించాడు. జిమ్మీ స్పిటలేరి పాడాడు.

ఇందులోనూ చీకటి అడవి ఉంది, పడవవాడు ఉన్నాడు. కాని పాపుల గుంపు చూడండి: మత్తుమందులు అమ్మేవాడు, జాతి పేరు చెప్పి సాటి మనిషిని ద్వేషించేవాళ్ళు, ఒకరి కష్టాన్ని దోచుకునేవాళ్ళు, రాజకీయాలతో పబ్బం గడుపుకునేవాళ్ళు! పాత కావ్యాన్ని పాడుచేశారనుకునేరు సుమా. తన కళ్ళెదుట తిరిగేవాళ్ళను నరకానికి పంపడం డాంటే నేర్పిన విద్యే.

కావ్యంలో నరకం తరవాత పాపాలు కడుక్కునే కొండ, ఆ తరవాత స్వర్గం వస్తాయి. ఈ బృందం "ఇన్ఫెర్నో" తరవాత విడిపోయింది. చాలా ఏళ్ళకు మళ్ళీ కూడి 2004లో స్వర్గం, 2016లో మధ్యలో మిగిలిపోయిన కొండ రికార్డు చేశారు. నా క్లాసులో అయితే వరుస తప్పినందుకు బెంచీ ఎక్కించేవాణ్ణి. కాని 43 ఏళ్ళకైనా మిగిలిన పాఠం అప్పజెప్పినవాళ్ళను ఏమనగలం?