చక్కెర మానేస్తే హీరోయిన్ అయిపోతామా?

ఈ వారం ఉత్తరాల కట్టలో సగం హీరోల పారితోషికాల గురించే. మిగతా సగం ఎవరి పెళ్ళి ఎవరితో అని. వాటన్నిటికీ వచ్చే వారం జవాబులు. ఒక్క ఉత్తరం మాత్రం విడిగా తీసి పెట్టాను.

రాసింది దుండిగల్ దగ్గర ఓ ఇంజనీరింగు కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి. పేరు వెయ్యొద్దంది, వెయ్యను. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 68 కిలోలట. తోటి విద్యార్థులు తీస్తున్న షార్ట్ ఫిల్ములో కథానాయిక వేషం తనకే ఇచ్చారు. కాకపోతే దర్శకుడుగారు (ఆయనా రెండో ఏడాదే!) ఓ షరతు పెట్టాడు. ఆర్నెల్లలో పది కిలోలు తగ్గాలి. అంతే, నలభై రోజులుగా ఈ అమ్మాయి చక్కెర ముట్టలేదు. మొదటి వారం రెండు కిలోలు తగ్గింది. ఆ ఆనందంలో హాస్టలంతా మైసూర్ పాక్ పంచింది, తను తినకుండా. ఆ తర్వాత ముల్లు మొరాయించింది. ఇవాళ్టికీ అక్కడే ఉంది.

"అన్నా, చక్కెర మానేస్తే తగ్గుతరా తగ్గరా? ఒక్క ముక్కలో చెప్పు. తగ్గరంటే రేపటి నుంచి రాత్రి అన్నం కూడా బంద్. జిమ్ములో ఒకాయన పౌడర్ డబ్బా ఇస్తనంటున్నడు, అది కూడా మొదలుపెడత."

ఒక్క ముక్కలో చెప్పడానికి నేనేమైనా సోదె చెప్పేవాణ్ణా? కానీ ఆ చివరి రెండు మాటలు చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ వారం సినిమా కబుర్లు కొంచెం తక్కువ, తిండి కబుర్లు కొంచెం ఎక్కువ. గుంటూరు, బెజవాడ పాఠకులు చక్కెర అన్నచోటల్లా పంచదార అని చదువుకోండి. మా తెలంగాణలో అది చక్కెరే. బోధన్ లో నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ వెలిసిన పేటకి శక్కర్ నగర్ అన్న పేరే పడింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, పేరు మాత్రం మిగిలింది.

ముందు ఆ మొదటి వారం మాయ సంగతి చూద్దాం. మన ఒంట్లో, కండల్లోనూ కాలేయంలోనూ, కొంత పిండిపదార్థం నిలవ ఉంటుంది. ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళు కూడా అంటిపెట్టుకుని ఉంటాయి. తీపీ తిండీ హఠాత్తుగా తగ్గిస్తే ఆ నిలవ తరుగుతుంది, దానితోపాటే నీళ్ళూ పోతాయి. యంత్రం మీద నిలబడితే రెండు కిలోలు మాయం! పోయింది కొవ్వు కాదు, చాలామటుకు నీళ్ళు. కాబట్టి చెల్లె, రెండో వారం నుంచి నువ్వు ఓడిపోయావని అనుకోకు. మొదటి వారమే నీకు లెక్క ఎక్కువ చూపించింది.

ఇక చక్కెర లెక్క. గండిమైసమ్మ చౌరస్తాలో కప్పు చాయ్ లో రెండు చెంచాలు పడుతుందనుకుందాం. పది గ్రాములు. గ్రాముకి 4 కేలరీల చొప్పున 40. నువ్వు రోజుకి అయిదు చాయ్ లు తాగేదాన్నని రాశావు కాబట్టి మొత్తం 200. తక్కువేం కాదు. నెలంతా అలా మిగిల్చి, ఇంకేమీ మార్చకుండా ఉంటే తేడా కనిపించాల్సిందే. మరి ఎందుకు కనిపించలేదు?

నీ ఉత్తరం మూడో పేజీలో దొంగ దొరికాడు. "చాయ్ మానేసినప్పటి నుంచి సాయంత్రం నాలుగింటికే ఆకలైతుంది, క్యాంటీన్ల రెండు సమోసాలు తింటున్న" అని రాశావు. తల్లీ, పెద్ద సమోసా ఒక్కటి చాలు, ఆ అయిదు చాయ్ ల చక్కెరకి అటూ ఇటూగా సమానం. నువ్వు తింటున్నవి రెండు! ఒక చెంచా నూనెలో 45 కేలరీలుంటాయి, చాయ్ లోని రెండు చెంచాల చక్కెర కంటే ఎక్కువే. ముందు గేటు దగ్గర టిక్కెట్టు చూసి పంపేస్తే వెనక గోడ దూకి లోపలికొచ్చినట్టుంది వ్యవహారం.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు సుమా. న్యూజిలాండ్ లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ గుదిగుచ్చి 2013లో ఓ లెక్క తేల్చారు. ఇష్టం వచ్చినంత తినే మనుషుల్లో, చక్కెర తగ్గించమంటే సగటున తగ్గిన బరువు 0.8 కిలో. చక్కెర పెంచితే దాదాపు ముప్పావు కిలో పెరిగారు. కానీ చక్కెర తీసేసి, సరిగ్గా అన్ని కేలరీలూ వేరే పిండిపదార్థం రూపంలో పెడితే? బరువు ఇంచుమించు కదలనే లేదు. అంటే చక్కెరలో దెయ్యమేమీ లేదు. మొత్తం తిండి తగ్గితేనే మనిషి తగ్గేది.

ఇంకా చిత్రమైన ముచ్చట ఒకటి వినండి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1997లో 42 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఇద్దరికీ రోజుకి దాదాపు 1100 కేలరీల తిండే. ఒక జట్టుకి అందులో 43 శాతం చక్కెరే, రెండో జట్టుకి 4 శాతం. ఆరు వారాలయ్యాక రెండు జట్లూ ఒకేలా తగ్గాయి! అదే డ్యూక్ లో అంతకు చాలా ముందు, 1939 నుంచీ, వాల్టర్ కెంప్నర్ అనే జర్మన్ డాక్టరు రోగులకు తెల్లన్నం, పళ్ళు, చక్కెర పెట్టి వైద్యం చేసేవాడు. ఉప్పు లేదు, నూనె లేదు. రక్తపోటు కోసం మొదలుపెట్టిన ఆ తిండితోనే, వైద్యుల పర్యవేక్షణలో, మహా స్థూలకాయులు 106 మంది తలా 45 కిలోలకు తక్కువ కాకుండా తగ్గారని ఆయన 1975లో ప్రచురించాడు. అన్నమూ చక్కెరా తిని! మా నాయనమ్మ వింటే "నేను చెప్పలా?" అనేది.

ఈ మాట పట్టుకుని రేపటి నుంచి అన్నంలో చక్కెర కలుపుకు తినేరు, అంత పని చెయ్యకండి. వాళ్ళకి గిన్నె కొలిచి పెట్టారు. మన ఇళ్ళల్లో గిన్నె కొలిచేవాళ్ళెవరు? "ఇంకొంచెం వెయ్యనా" అనేవాళ్ళే గానీ.

అయితే చక్కెర విషయంలో ఒక్కచోట మాత్రం నేను గట్టిగా మొండికేస్తాను. అది సీసాలో ఉన్న చక్కెర. మన హీరోలు తక్కువవారా? చిరంజీవిగారు, మహేష్ బాబుగారు థమ్స్ అప్ కి, పవన్ కల్యాణ్ గారు పెప్సీకి ప్రకటనల్లో నటించినవారే. వాళ్ళ పొట్టలు చూడండి, మన పొట్టలు చూడండి! 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగానే చక్కెర ఉంటుంది. ఆరేడు చెంచాలు. చాయ్ లో అంత వేస్తే కొట్టువాడితో దెబ్బలాడతాం. అది చల్లగా, గ్యాసుతో గొంతు దిగిపోతుంది కాబట్టి తెలియదు.

తెలియకపోవడమే అసలు చిక్కు. 2000లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 15 మందికి రోజూ 450 కేలరీలు ఒక నెల మిఠాయి బిళ్ళలుగా, ఒక నెల కూల్ డ్రింకుగా ఇచ్చారు. బిళ్ళలు తిన్న నెలలో, ఎవరూ చెప్పకుండానే, మిగతా తిండి ఆ మేరకు తగ్గించుకున్నారు. డ్రింకు తాగిన నెలలో తగ్గించుకోలేదు. బరువు పెరిగారు. నమిలినదాన్ని పొట్ట లెక్కలో రాసుకుంటుంది, తాగినదాన్ని మర్చిపోతుంది. ఇంటర్వెల్లో పాప్ కార్నుతో పాటు పెద్ద గ్లాసు కొనే పాఠక మహాశయులారా, ఈ పేరా కత్తిరించి పర్సులో పెట్టుకోండి.

బెల్లం మంచిదట కదా, తేనె మంచిదట కదా అని అడుగుతారు, తెలుసు. వంద గ్రాముల చక్కెరలో 400 కేలరీలుంటే బెల్లంలో దాదాపు 380. తేనెలో 300 పైచిలుకు. పొద్దున్నే వేడినీళ్ళలో తేనె వేసుకుని తాగితే కొవ్వు కరుగుతుందన్న మాటకి నాకు తెలిసి ఆధారం ప్రచారమే. చక్కెర లేని తీపి మాత్రలా? బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో చెప్పేసింది.

ఇప్పుడు తారల సంగతికొద్దాం, లేకపోతే సంపాదకులు ఊరుకోరు. ఒకప్పుడు మన తెర ఒడ్డూ పొడుగూ ఉన్న మనుషులదే. 'మాయాబజార్' (1957)లో ఎస్వీ రంగారావుగారి ముందు లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళుతుంటే పిల్లలూ పెద్దలూ కేరింతలు కొట్టారు. ఆ భారీ విగ్రహం లేకపోతే ఆ ఘటోత్కచుడే లేడు. ఆ తర్వాత కాలం మారింది, కెమెరా కన్ను మారింది. 2015 నవంబరులో ప్రకాష్ కోవెలమూడి దర్శకత్వంలో 'సైజ్ జీరో' వచ్చింది. లావుగా ఉన్న అమ్మాయి వేషానికి అనుష్కగారు లోపల దిండ్లు కట్టుకోకుండా నిజంగానే బరువు పెరిగారు. బరువు తగ్గిస్తామని మోసం చేసే క్లినిక్కు మీద ఆ అమ్మాయి పోరాటమే కథ. డబ్బులు పెద్దగా రాలలేదు గానీ ధైర్యం ఉన్న సినిమా. పెరిగినంత సులభంగా ఆవిడ తగ్గలేకపోయారన్నది మీ అందరికీ తెలిసిన కబురే. శిక్షకులూ, వంటవాళ్ళూ, డబ్బూ అన్నీ ఉన్న తారకే అంత కష్టమైతే, హాస్టల్ మెస్సులో తినే అమ్మాయికి ఆర్నెల్లు గడువు పెట్టడం న్యాయమేనా?

అదే 2015 జూన్ లో మరో వార్త వచ్చింది. 'నువ్వు నాకు నచ్చావ్'తో మన ఇళ్ళల్లోకి నవ్వుతూ వచ్చిన ఆర్తీ అగర్వాల్ అమెరికాలో కన్నుమూశారు. 31 ఏళ్ళు. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే ఆపరేషన్ జరిగిందని పత్రికలు రాశాయి. దేనివల్ల ఏమైందో తేల్చేందుకు నేను డాక్టర్ని కాను. ఆ వారం ఈ పేజీల్లో పని చేసేవాళ్ళలో ఎవరికీ కలం కదల్లేదని మాత్రం చెప్పగలను. "లావయింది" అని రాసిన కలాలు అవే మరి.

కాబట్టి చెల్లె, రాత్రి అన్నం మానెయ్యకు. రాత్రి పస్తుంటే మర్నాడు పదకొండింటికి క్యాంటీన్ ఖాళీ చేస్తావు. పౌడర్ డబ్బా ఊసెత్తకు. మన తార్నాకలోనే ఉంది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు వచ్చిన సంస్థ. వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వద్దనే ఉంది. రోజుకి 25 గ్రాములు దాటితే చక్కెర ఎక్కువైనట్టేనని కూడా ఉంది. అంటే అయిదు చెంచాలు. నీకు చాయ్ అంటే ప్రాణం కదా, చెంచా చొప్పున వేసుకుని రెండు కప్పులు తాగు, ఎవరు కాదన్నారు? వాళ్ళే చెప్పిన ఇంకో మాట మనవాళ్ళెవరూ వినిపించుకోరు. మొత్తం కేలరీల్లో బియ్యం, గోధుమ, జొన్నల వంటివి 45 శాతం మించకూడదట. మన కంచాల సంగతి తెలిసిందే కదా! గుట్ట అన్నం, దాని మీద చారు, పక్కన నామమాత్రంగా కూర. చక్కెర మీద పడి ఏడ్చే ముందు ఆ గుట్టని కొంచెం తవ్వి, అక్కడ పప్పో, గుడ్డో, ఆకుకూరో పెట్టు. కడుపు నిండే ఉంటుంది, నాలుగింటి సమోసా కేక వినపడదు.

మీ కాలేజీకి దగ్గర్లోనే ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. 1971 నుంచీ అక్కడ శిక్షణ జరుగుతోంది. అక్కడి కుర్రాళ్ళూ అమ్మాయిలూ తిండికి మొహం వాచినవాళ్ళేం కాదు, పొద్దున్నే లేచి పరుగెత్తేవాళ్ళు. నీకు అంత అక్కర్లేదు. నీ బరువుకి అరగంట చురుగ్గా నడిస్తే దాదాపు 150 కేలరీలు ఖర్చు. హాస్టల్ నుంచి బస్టాపు దాకా రోజూ ఆటో ఎక్కుతున్నానని నువ్వే రాశావు.

నీ ఎత్తుకి 68 కొంచెం ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. మన దేశపు లెక్కల్లో 57 లోపు ఉంటే మేలు. కానీ ఆర్నెల్లలో బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలని వైద్యులంటారు. నీకది మూడున్నర కిలోల నుంచి ఏడు కిలోల లోపు. పది కాదు. స్టాన్ ఫర్డ్ వాళ్ళు 2018లో 609 మందిని ఏడాదిపాటు పరీక్షించారు. కొవ్వు తగ్గించి తిన్నవారు 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించి తిన్నవారు 6 కిలోలు సగటున తగ్గారు. రెండు జట్లకీ చక్కెరా మైదా తగ్గించి, ఇంట్లో వండుకుని, కూరలు ఎక్కువ తినమనే చెప్పారు. ఏడాదికి ఆరు! ఈ కాగితం మీ దర్శకుడుగారికి చూపించు. ఆయన కథలో నాయిక సన్నగానే ఉండాలని ఏ సీనులో ఉందో కూడా అడుగు. జవాబు చెప్పలేకపోతే మార్చుకోవలసింది స్క్రిప్టు.

తలనొప్పి, నీరసం అని రాశావు. అవి వారం దాటి ఉంటే రక్తపరీక్ష చేయించుకో, థైరాయిడ్ కూడా చూడమను. ఇది మాత్రం వాయిదా వెయ్యకు.

ఉత్తరం చివర, "మా మేనమామ కొడుకు పెళ్ళిల డబల్ కా మీఠా ఉంటది, తినొచ్చా?" అని అడిగావు. తిను. ఒక్క కప్పు, కూర్చుని, నెమ్మదిగా. పక్కన పెట్టే కోలా గ్లాసు మాత్రం మీ దర్శకుడికి ఇచ్చెయ్.