వాడకొచ్చే విద్యార్థుల ప్లాను ఎవరు వేయాలి?

పోయిన నెలలో మా బడికి ఒక ఉత్తరం వచ్చింది. పట్నంలో ప్రజారోగ్యం మీద పీజీ చదివే పిల్లలు ఇరవై నాలుగు మంది మా మండలంలో ఎనిమిది వారాలు ఫీల్డ్ వర్క్ చేస్తారంట. ఎస్సీ కాలనీలో వంద ఇళ్లు చూపించాలంట. బడిపిల్లల ఎత్తు, బరువు కొలుచుకోవటానికి, రక్తం తీసుకోవటానికి బడి తరఫున అనుమతి ఇవ్వాలంట. కింద సంతకానికి గీత కూడా గీసి పంపారు. తేదీలు అయిపోయాయి, ప్రశ్నలు అచ్చయ్యాయి, జీపు మాట్లాడుకున్నారు. ఇక మిగిలింది మేమే.

హెడ్మాస్టరు పోస్టు ఖాళీ, ఇన్‌ఛార్జిని నేనే. కాబట్టి ఆ కాగితం నా బల్ల మీదకొచ్చింది. నేను సంతకం పెట్టలేదు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. నా ప్రశ్న ఒక్కటే. మా వాడలో ఎనిమిది వారాలు జరగబోయే పనికి ప్లాను ఎవరు వేయాలి?

2019లో ఒక బ్యాచ్ వచ్చింది. మంచి పిల్లలే. ఫిబ్రవరి నెల, పొద్దున పదకొండు గంటలకు జీపు దిగారు. మా ప్రకాశం జిల్లాలో ఫిబ్రవరి అంటే పొగాకు పని మీద పని. ఆకు కోయటానికి, గుచ్చటానికి ఆడామగా తెల్లారక ముందే పోతారు. వాడలో ఉన్నది ముసలివాళ్లూ, పసిపిల్లలూ. ఇంటి తలుపులకు తాళాలు చూసి ఆ పిల్లలు ఏం రాసుకున్నారో తెలుసా? ‘ప్రజల సహకారం తక్కువ’ అని. కాగితం నేను కళ్లారా చూశాను.

ఒక అమ్మాయి మా పెద్దమ్మ వరసయ్యే ముసలామె దగ్గర కూర్చుంది. అన్నం తినే ముందు చేతులు కడుక్కుంటారా, సబ్బుతోనా, వట్టి నీళ్లతోనా అని వరసగా అడిగింది. ముసలామె అంతా విని, “అమ్మాయ్, చెయ్యి కడుక్కుంటావా అని అడుగుతున్నావు గానీ, నీళ్లు యాడున్నాయని అడగవేం?” అంది. ఆ అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ మాట రాసుకోవటానికి గడి లేదు. ట్యాంకు ఊళ్లో ఉంది, మా వాడ పైపు చివర ఉంది. ఊరు పట్టుకున్నాక మిగిలిన నీళ్లే మాకు. ఆ సంగతి కాగితంలోకి ఎక్కలేదు. ‘పరిశుభ్రత మీద అవగాహన లేదు’ అన్నది మాత్రం ఎక్కి ఉంటుంది. ఉంటుంది అంటున్నాను ఎందుకంటే, వాళ్లు ఏం రాశారో ఈ రోజు దాకా మాకు ఎవరూ చెప్పలేదు.

నీళ్ల సంగతి మన జిల్లావాళ్లకు కొత్తగా చెప్పాలా? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. అది ఎక్కడ మొదలైంది? మంచినీళ్ల చెరువు దగ్గర. తాగే నీళ్లలో మురికి కలపొద్దు అన్న మాట దగ్గర. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచిన చోట. ప్రజారోగ్యం పుస్తకంలో దీన్ని ‘తాగునీటి కాలుష్యం’ అని రాస్తారు. మా పుస్తకంలో దాని పేరు కులం. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకున్నప్పుడే ఈ పాఠం మొదలైంది. చేతులు కడుక్కోవటం గురించి వాడకు చెప్పేవాళ్లు ముందు ఈ పాఠం చదువుకుని రావాలి.

మనవాళ్లలో కొందరు “అసలు రానీయొద్దు, మనమేమన్నా జంతు ప్రదర్శనశాలా?” అంటున్నారు. ఆ కోపం నాకు తెలుసు. కానీ తలుపు మూస్తే నష్టం ఎవరికి? మన జబ్బులకు లెక్కలు లేవు. లెక్క లేకపోతే ఆఫీసరు “ఎక్కడుంది సమస్య?” అంటాడు. పైగా ఆ ఇరవై నాలుగు మందిలో మన పిల్లలూ ఉంటారు. వాడలో పుట్టి, హాస్టల్లో చదివి, రిజర్వేషన్‌తో సీటు తెచ్చుకున్న పిల్లలు. వాళ్లను మన వాడ గుమ్మం నుంచి మనమే వెనక్కి పంపుదామా? రానిద్దాం. కానీ ప్లాను మనతో కూర్చుని వేయాలి. ఆ ప్లానులో ఏముండాలో నాకు తోచింది రాస్తున్నాను.

మొదటిది కాలం. కాలేజీ సెమిస్టరు చూసి తేదీలు వేస్తే వాడ దొరకదు. వాడ క్యాలెండరు వేరు. పొగాకు, మిరప పనులున్నప్పుడు పగలు రాకూడదు, పొద్దుగూకి పొయ్యి ఆరాక రావాలి. లేదా మాతోపాటు చేలోకే రావాలి. వస్తే ఒక సంగతి కళ్లారా చూస్తారు. పచ్చాకు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. తల తిరుగుతుంది, వాంతులవుతాయి. మా ఆడవాళ్లు దాన్ని ‘ఎండ దెబ్బ’ అనుకుని ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. రెండు రోజుల కూలి ఆ సూదికే పోతుంది. ఇది ఏ ఇంటి గుమ్మంలో నిలబడి అడిగితే తెలుస్తుంది?

రెండోది దిగేచోటు. జీపు ముందు ఎవరి ఇంటి ముందు ఆగుతుందో వాడ చూస్తూనే ఉంటుంది. పెద్దరైతు ఇంట్లో కాఫీ తాగి, ఆయన పాలేరును వెంటబెట్టుకుని వస్తే ఎవరు నోరు విప్పుతారు? కూలి ఎంత అని ఆయన మనిషి ముందు అడిగితే ఎవరు నిజం చెబుతారు? ముందు వాడకు రావాలి, అంబేద్కర్ బొమ్మ దగ్గర కూర్చోవాలి, అందరి ముందు తాము ఎవరో, ఎందుకొచ్చారో చెప్పాలి.

బస సంగతి ఇంకా ముఖ్యం. కాలేజీవాళ్లు ‘స్థానికంగా వసతి చూసుకోవాలి’ అని ఒక్క లైనులో రాసేస్తారు. మన పిల్ల ఊళ్లో గది అడగటానికి పోతే మొదటి ప్రశ్న “మీరేవిట్లు?” అని. అబద్ధమాడి గది తీసుకోవాలా, నిజం చెప్పి రోడ్డున పడాలా? 2019లో వచ్చిన ఒక అమ్మాయి ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకుని, “టీచర్, నేనూ మనవాళ్ల అమ్మాయినే” అని మెల్లగా చెప్పింది. ఎనిమిది వారాలూ అది దాచుకుని బతికింది. మన ఆరోగ్యం గురించి చదవటానికి వచ్చిన పిల్ల మన వాడలోనే తన పుట్టుక దాచుకోవలసి వచ్చింది. ఇంతకు మించిన ఫీల్డ్ రిపోర్టు ఉంటుందా? బస ఏర్పాటు కాలేజీ బాధ్యత. అది ముందుగా, రాతపూర్వకంగా తేలాలి.

మూడోది ప్రశ్నలు. ఫారంలో ‘కులం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఎస్సీ అని రాసి పక్క గడికి పోతారు. కులం గడిలో ఉండేది కాదు, మొత్తం ఫారం అంతటా నడిచేది. అంగన్‌వాడీ ఊళ్లో ఉందా, వాడలో ఉందా? నర్సమ్మ బిడ్డ బరువు ఇంట్లో కూర్చుని చూస్తుందా, వీధిలో నిలబడి చూస్తుందా? మురుగు కాలవ తీసేది ఎవరు, వాళ్ల చేతికి తొడుగులు ఇచ్చారా? మరుగుదొడ్డి ఉందా అని కాదు, అందులో పోయటానికి నీళ్లున్నాయా? ఈ ప్రశ్నలు వాడ ఆడవాళ్లు కూర్చుంటే ఒక్క పూటలో తయారుచేస్తారు.

గర్భసంచి ఆపరేషన్ల సంగతి అడగాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 3 మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మందికి. దేశంలోకెల్లా ఎక్కువ మనదే. మా చిన్నమ్మకు ముప్పై రెండేళ్లకే తీసేశారు. తెల్లబట్ట అవుతోందని పోతే, “తీయకపోతే క్యాన్సర్ అవుద్ది” అన్నారంట. నడుం పోయింది, అప్పు మిగిలింది. ఎవరు చెప్పారు, ఎంత తీసుకున్నారు, కాగితం ఇచ్చారా, ఆ తర్వాత కూలికి పోగలుగుతున్నారా? ఇవి అడగాలి. ఆడపిల్లలే అడగాలి, ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. పేర్లు బయటికి పోకూడదు.

నాలుగోది సంతకం. నేను ఎందుకు పెట్టలేదో ఇక్కడ చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఒక అధ్యయనం పేరుతో వేశారు. చాలామంది ఆదివాసీ, దళిత పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు ఎన్నో చోట్ల హాస్టల్ వార్డెన్లూ, హెడ్మాస్టర్లూ పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆపించారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది నా వాదన కాదు. పిల్లల చావులకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. టీకాలు మన పిల్లలకు కావాలి కూడా. నా బాధ వేరు. ఆ సంతకాలు పెట్టింది నాలాంటి పంతుళ్లు. బడిలో వేశారు కదా అని అమ్మానాన్నలు నమ్మారు. ఆ నమ్మకాన్ని మనం ఒక్క సంతకంతో అమ్మేశాం.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. పెద్దమనిషి అనుమతి, మనిషి సమ్మతికి బదులు కాదు. పిల్లల విషయంలో తల్లో తండ్రో ఒప్పుకోవాలి, ఏడేళ్లు దాటిన పిల్లలు తామూ సరేననాలి. ఒప్పుకోని ఇంటికి రేషన్ ఆగుతుందనో, పింఛను పోతుందనో భయం ఉండకూడదు. తెలుగులో చదివి వినిపించాలి. వద్దనే హక్కు ఉందని ముందే చెప్పాలి.

ఐదోది జవాబు. ఇది నాకు అన్నిటికన్నా పెద్దది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని డాక్టర్లు పరిశోధన చేసి అచ్చు వేశారు. మన ప్రకాశం జిల్లా అప్పటికి పుట్టలేదు, 1970లో ఏర్పడింది. ఆ పరిశోధన ప్రపంచమంతా చదివింది. వంగిపోయిన నడుములవాళ్లు మాత్రం తర్వాత ఎన్నో ఏళ్లు అవే నీళ్లు తాగారు. కాగితం పోయినంత దూరం నీళ్లు రాలేదు. కాబట్టి మా షరతు ఇది. ఆఖరి వారం సర్వేకి కాదు, జవాబుకు పెట్టాలి. వాడలో సభ పెట్టి, తేలిందేమిటో తెలుగులో చెప్పాలి. ఒక కాపీ మా దగ్గర, ఒకటి పంచాయతీలో, ఒకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. మా బోరు నీళ్లు పరీక్ష చేస్తే ఫ్లోరైడ్ ఎంతో చెప్పాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగకూడదు. ఆ అంకె మాకు తెలిస్తే గ్రామసభలో లేచి అడుగుతాం.

ఆరోది కూలి. దారి చూపించే ఆశా కార్యకర్తకు, ఇళ్లు తిప్పే ఆడమనిషికి ఆ రోజు కూలి పోతుంది. జీపుకు డబ్బులు రాశారు, జిరాక్సులకు రాశారు. మనిషికి ఎందుకు రాయలేదు? బడ్జెట్టులో అది కనపడాలి.

ప్రొఫెసర్లు అడగొచ్చు. పిల్లలు పద్ధతి నేర్చుకోవటానికి వస్తారు, ఈ కుల రాజకీయాలు వాళ్లకెందుకని. 1946లో భోర్ కమిటీయే చెప్పింది, రేపటి డాక్టరు సామాజిక వైద్యుడు కావాలని. సమాజం అంటే మన దేశంలో ఊరూ, వాడా. ఆ గీత చూడకుండా ఏ పద్ధతి నేర్చుకుంటారు? మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు 1970 నుంచి పని చేశారు. అక్షరం రాని ఆడవాళ్లను, అందులో చాలామంది దళిత స్త్రీలను, గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. తర్వాత డాక్టర్లు వచ్చి ఆ ఆడవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. అక్కడ జరిగింది ఇక్కడ ఎందుకు జరగదు?

నేను పంతులమ్మను కాబట్టి మార్కుల మాట చెప్పకుండా ఉండలేను. విద్యార్థికి నూరు మార్కులుంటే ఇరవై మార్కులు వాడ చేతిలో పెట్టండి. మా ముసలమ్మలు వేస్తారు. ఇంట్లోకి వచ్చి నీళ్లు తాగాడా, మాట పూర్తిగా విన్నాడా, మళ్లీ వచ్చి జవాబు చెప్పాడా? వాళ్ల పరీక్ష ఇదే.

పోయిన ఆదివారం రాత్రి వాడలో కూర్చున్నాం. నలభై మంది దాకా వచ్చారు, ఆడవాళ్లే ఎక్కువ. ఈ ఆరు మాటలూ చదివాను. ఏడోది ఒక కూలి తల్లి చెప్పింది: “రక్తం తీసుకుంటే రక్తం లేదని చెప్పి పోవటం కాదు, మాత్రలు ఎవరిస్తారో కూడా చెప్పి పొమ్మనండి.” అది కూడా రాశాం. ఉత్తరం కాలేజీకి పంపాం. సంతకం గీత మీద నా ఒక్కదాని పేరు లేదు. చదువు వచ్చినవాళ్లు సంతకాలు, రానివాళ్లు వేలిముద్రలు, మొత్తం వాడ పెట్టింది. జవాబు ఇంకా రాలేదు.

మీ వాడకూ ఇలాంటి జీపు వస్తుంది. వచ్చినప్పుడు తలుపు మూయకండి, తల వంచకండి. చాప వేసి కూర్చోబెట్టండి. ప్లాను కాగితం చేతికి తీసుకుని, అందరి ముందు పైకి చదివించండి. నచ్చనిచోట కొట్టేయించండి, మీ మాట రాయించండి. ఆ తర్వాతే ఇళ్లు చూపించండి.

జై భీమ్.