పాఠశాలాభివృద్ధి ప్రణాళిక: అది యెవరి సొత్తు?

ఇల్లు కట్టదలచిన గృహస్థు ముందుగా తన కుటుంబమునకు ఏమేమి కావలయునో యోచించుకొని, పిమ్మట మేస్త్రిని పిలుచును. మేస్త్రియే సర్వమును నిర్ణయించి, గృహస్థుని వేలిముద్ర మాత్రము అడిగినచో ఎవ్వరును సమ్మతింపరు. కాని పేదల బిడ్డలు చదువుకొను ప్రభుత్వ పాఠశాలల అభివృద్ధి ప్రణాళికల విషయమున పెక్కుచోట్ల ఈ విపరీతమే సాగుచున్నది. పై కార్యాలయమునుండి నమూనా పత్రము వచ్చును. ప్రధానోపాధ్యాయుడు గడువులోపల దానిని పూరించును. తలిదండ్రులు సంతకమో వేలిముద్రయో పెట్టుదురు. అందేమి వ్రాయబడెనో వారిలో అనేకులు ఎఱుగరు.

చట్టము కోరినది ఇది కాదు. 2009లో పార్లమెంటు ఆమోదింపగా 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును ఒక యాజమాన్య సంఘము ఉండవలెను. అందు నాలుగింట మూడు వంతులు బడిపిల్లల తలిదండ్రులు, సంరక్షకులే. సభ్యులలో సగము స్త్రీలు. వెనుకబడిన, బలహీన వర్గముల తలిదండ్రులకు తగిన పాలు ఉండితీరవలెను. ఆ సంఘమే పాఠశాలాభివృద్ధి ప్రణాళికను తయారుచేయవలెననియు, ఆ ప్రణాళికయే ప్రభుత్వ గ్రాంటులకు ఆధారము కావలెననియు 22వ సెక్షను ఘోషించుచున్నది. ఏ తరగతిలో ఎందఱు పిల్లలుందురు, ఎందఱు ఉపాధ్యాయులు కావలెను, ఏ వసతులు లోపించినవి, ఏ యేట ఎంత ధనము కావలెను అను లెక్కలతో మూడేండ్ల ప్రణాళికను వ్రాయవలెనని 2010 నాటి కేంద్ర నిబంధనలు చెప్పుచున్నవి. ఇంతటి అధికారమును కూలివాని చేతికి, కూలితల్లి చేతికి ఇచ్చిన శాసనములు మన దేశమున అరుదు.

ఈ అధికారము వారిచేతనే యుండుట ఏల ముఖ్యము? బడి సంకటము వారికి తెలిసినట్లు అన్యులకు తెలియదు గనుక. పాలమూరు పల్లెలనుండి పనులకై వలసపోవు కుటుంబముల పిల్లలు ఏ నెలలో బడి విడుతురో, ఏ నెలలో మరలి వత్తురో ఆ తండాలోని అవ్వ చెప్పగలదు. రాజధానిలోని పట్టిక చెప్పజాలదు. సవర, కోయ గూడెములలో బిడ్డ ఇంట మాటలాడు భాష ఒకటి, పుస్తకమునందలి భాష మఱియొకటి. సాధ్యమైనంతవఱకు మాతృభాషయందే బోధింపవలెనని 29వ సెక్షను చెప్పుచున్నది. అట్టి బడికి మొదట కావలసినది ఆ రెండు భాషలును ఎఱిగిన ఉపాధ్యాయుడు. ఇక ప్రాథమిక పాఠశాలలో అరువదిమంది పిల్లల వఱకు ఇద్దఱు ఉపాధ్యాయులు చాలునని చట్టపు అనుబంధము చెప్పును. అయిదు తరగతులకు ఇద్దఱు. వారిలో ఒకరు సెలవు పెట్టిననాడు ఒక్కరే! ఈ ఇక్కట్టు ప్రణాళికలోనికి ఎక్కనిచో అది ఏ అధికారి దృష్టికి వచ్చును?

ఇటీవలి యేండ్లలో రెండు తెలుగు రాష్ట్రములును బడి కట్టడములపై శ్రద్ధ వహించిన మాట వాస్తవము. ఆంధ్రప్రదేశమున 2019 నవంబరు 14న 'మన బడి నాడు-నేడు', తెలంగాణమున 2022లో 'మన ఊరు మన బడి' ఆరంభమైనవి. నీరు గల మరుగుదొడ్డి ఆడపిల్లకు అల్పవిషయము కాదు. దానిని మేము మనసార శ్లాఘించుచున్నాము. అయినను పై నుండి దిగివచ్చిన అంశముల పట్టిక అన్ని బడులకును ఒక్కటే. సున్నము, రంగులు గోడకు కాంతి నిచ్చును గాని, అయిదవ తరగతి పిల్లవానికి రెండవ తరగతి వాచకమును చదువు శక్తి నీయజాలవు. ఆ శక్తికి వలయు ఉపాయము ప్రతి బడికిని వేఱువేఱుగా ఆలోచింపవలసినదే.

నిరక్షరాస్యులు ప్రణాళికలు వ్రాయుదురా యని కొందఱు పరిహసింతురు. చదువురాని తల్లికి సయితము ఉపాధ్యాయుడు ఎన్నినాళ్లు వచ్చెనో, కొళాయిలో నీరు పడుచున్నదో లేదో, తన బిడ్డ దీపము కడ పుట చదువగలడో లేదో తెలియును. ప్రణాళికకు వలయు జ్ఞానము ఇదియే; వ్రాయుట మఱియొకరు చేసిపెట్టవచ్చును. రైతుల కష్టార్జితముపై వచ్చు రాబడిని పై వర్గముల ఉన్నతవిద్యకే వెచ్చింపక సామాన్యజనుల ప్రాథమికవిద్యకు వినియోగింపుడని 1882లో హంటర్ సంఘము ఎదుట జ్యోతిరావు ఫూలే వాదించెను. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మ 1910 మొదలు ఆదిహిందువుల బిడ్డలకై పాఠశాలలు నెలకొల్పెను. తమ బిడ్డల చదువునకు ఏమి కావలెనో తామే యెఱిగిన జాతి అది. అట్టివారికి యోగ్యత లేదనుట చరిత్ర నెఱుగని మాట.

కావున పట్టణములందలి పఠనమందిరముల సోదరులకు మా విజ్ఞప్తి యొకటి. 1914లో బెజవాడయందు పుట్టిన ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘపు ఉద్యమ కార్యకర్తలు పుస్తకములను బీరువాలలో దాచి ఊరకుండలేదు. పడవలమీద పల్లెలకు పంపిరి, రాత్రిబడులు నడిపిరి, చదువురానివారికి చదివి వినిపించిరి. నేడును అదియే పని. మీ సమీపమందలి పేటకో, తండాకో పోయి 21, 22 సెక్షనులను తేటతెలుగున చదివి వినిపింపుడు. పోయినయేటి ప్రణాళికను అడిగి చూడుడు. చూపనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము ఉండనే యున్నది. కూలి పోకుండ సభను సాయంకాలము జరుపుమని కోరుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసిపెట్టుడు. మొదటి పుటలో ఎందఱు పిల్లలు చదువగలరో, ఎందఱు చదువలేరో ఉండవలెను. ఉపాధ్యాయులు, నీరు, గోడలు ఆ పిమ్మట. ఆ ప్రతిని బడి గోడపై అంటింపించి, యేడాది చివర సభలో మరల చదివింపుడు. ఏది నెఱవేఱెనో, ఏది నెఱవేఱలేదో అందఱును విందురు గాక.

ఒక్క హెచ్చరిక. పల్లెకు పోయి అధ్యక్షపీఠము నెక్కవలదు. మన బిడ్డలలో పెక్కండ్రు ఆ బడులను విడిచి చాలకాలమైనది. అచ్చట మాట చెల్లవలసినది ఇంకను బిడ్డలను అచ్చటికే పంపుచున్న తలిదండ్రులది. మార్చి నెలాఖరున ఆర్థిక సంవత్సరము ముగియును. దానికి మూడు నెలలు ముందుగనే ప్రణాళిక సిద్ధము కావలెను గనుక వచ్చు డిసెంబరు లోపల ప్రతి పఠనమందిరమును ఒక్కొక్క బడి బాధ్యతను స్వీకరించునని ఆశించుచున్నాము.